పదివేల గింజల బ్రెడ్
ఇంట్లో పట్టుకున్న గోధుమపిండి బ్రెడ్‌గా పొంగాలంటే తెలియాల్సిన లెక్కలు

ఒక గోధుమ గింజ సుమారు 40 మిల్లీగ్రాములు తూగుతుంది. ఇంట్లో చేసుకునే ఒక బ్రెడ్‌కు 400 గ్రాముల పిండి కావాలి. అంటే దాదాపు పదివేల గింజలు. ఆ గింజల్లో ఎంత భాగం మన సంచిలోకి వచ్చింది, ఎంత తీసేశారు, మరలో పిండి ఎంత వేడెక్కింది, పట్టి ఎన్నాళ్లయింది? కొన్న ప్యాకెట్ ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు చెప్పదు. ఇంట్లో పిండి పట్టుకుంటే నాలుగింటికీ జవాబు మన దగ్గరే ఉంటుంది.

గోధుమలు కొని, ఏరి, మరపట్టించుకోవడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. తెలంగాణలో గిర్నీకి పంపుతారు, ఆంధ్రలో పిండిమరకు తీసుకెళ్తారు. ఇప్పుడు చిన్న మరలు వంటింట్లోకే వచ్చాయి, వాటి పక్కనే ఓవెన్లూ చేరాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. మెత్తటి చపాతీలిచ్చిన పిండే బ్రెడ్‌కు వాడితే పొట్టిగా, గట్టిగా, మధ్యలో తడితడిగా వస్తుంది. చాలామంది మర మంచిది కాదేమో అనుకుంటారు. నిజానికి చపాతీ లెక్క వేరు, బ్రెడ్ లెక్క వేరు. తూకం, థర్మామీటర్, జల్లెడ ఉన్న ఎవరైనా ఆ లెక్క వేసుకోవచ్చు.

83, 14, 3: గింజలో ఏముంది

గింజ బరువులో దాదాపు 83 శాతం లోపలి తెల్లటి భాగం. పిండిపదార్థం ప్రధానంగా అక్కడే ఉంటుంది. 14 శాతం పైపొట్టు. మిగిలిన 3 శాతం మొలకెత్తే అంకురం. మైదా అంటే మొదటి భాగం ఒక్కటే. రోలర్ మిల్లుల్లో 100 కిలోల గోధుమల నుంచి 72–75 కిలోల తెల్లపిండి తీస్తారు. మిగతాది పొట్టు, అంకురం, వాటికి అంటుకున్న కొంత పిండి.

1870లలో హంగేరీలోని బుడాపెస్ట్‌లోనూ, అమెరికాలోని మినియాపొలిస్‌లోనూ రోలర్ మిల్లులు పుంజుకున్నాయి. రాళ్ల మధ్య నలిగినప్పుడు గింజలోని మూడు భాగాలూ కలిసిపోతాయి. రోలర్లు గింజను విప్పి, ఏ భాగాన్ని ఆ భాగంగా విడదీస్తాయి. అంకురంలో నూనె ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసిన పిండి నెలల తరబడి పాడవదు, ఓడల్లో, రైళ్లలో ఎంత దూరమైనా వెళ్తుంది. తెల్లపిండి ప్రపంచమంతా గెలవడానికి రంగుతో పాటు ఈ నిల్వ గుణం కూడా పెద్ద కారణం.

ఆ గెలుపుకు మనం చెల్లించినదేమిటో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కగట్టింది. 2017లో ఆ సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల ప్రకారం, 100 గ్రాములకు:

- పీచు: గోధుమపిండిలో 11.36 గ్రాములు, మైదాలో 2.76 గ్రాములు
- ఇనుము: గోధుమపిండిలో 4.10 మిల్లీగ్రాములు, మైదాలో 1.77 మిల్లీగ్రాములు
- కొవ్వు: గోధుమపిండిలో 1.53 గ్రాములు, మైదాలో 0.76 గ్రాములు

దీన్ని బ్రెడ్ ముక్కల్లోకి మార్చి చూద్దాం. 400 గ్రాముల పిండితో చేసిన బ్రెడ్‌ను 16 ముక్కలు కోస్తే, గోధుమపిండి ముక్కలో 2.84 గ్రాముల పీచు ఉంటుంది, మైదా ముక్కలో 0.69 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 30 గ్రాముల పీచు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020 నాటి సిఫార్సు. రెండు గోధుమ ముక్కలు తింటే అందులో దాదాపు ఐదో వంతు అందినట్టే. మైదా ముక్కలు రెండు తింటే ఇరవయ్యో వంతు దాటదు.

ఒక ప్రచారం గురించి ఇక్కడే చెప్పాలి. పిండి పట్టిన గంటల్లోనే పోషకాలన్నీ ఆవిరైపోతాయని కొందరు భయపెడతారు. పీచు, ఇనుము ఎక్కడికీ పోవు. మారేది కొవ్వు. గింజ పగలగానే అంకురంలోని నూనెకు గాలి, ఎంజైములు తగులుతాయి. వారాలు గడిచేకొద్దీ పిండికి కారువాసన వస్తుంది, రుచిలో చేదు చేరుతుంది. మన ఎండాకాలంలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. అదే గోధుమను గింజగా పొడి డబ్బాలో ఉంచితే ఏడాది దాటినా బాగుంటుంది. ఇంట్లో పిండి పట్టుకోవడంలోని మొదటి లాభం ఇదే. నిల్వ గింజగా ఉంటుంది, పిండి మాత్రం ఆ పూటది.

10.57, 10.36: సమానంగా కనిపించే అంకెలు

అదే పట్టికలో మాంసకృత్తులు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గోధుమపిండిలో 10.57 శాతం, మైదాలో 10.36 శాతం. తేడా లేదనే చెప్పాలి. మరి మైదా బ్రెడ్ అంత ఎత్తు పొంగి, గోధుమ బ్రెడ్ ఎందుకు కుదించుకుపోతుంది?

జవాబు ఆహార భద్రతా ప్రమాణాల్లో దొరుకుతుంది. మన దేశ నిబంధనల ప్రకారం ఆటాలో, అంటే గోధుమపిండిలో, పొడి గ్లూటెన్ కనీసం 6 శాతం ఉండాలి, మైదాలో 7.5 శాతం. గోధుమలోని గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు మాంసకృత్తులు నీటితో కలిసి సాగే జిగురుగా, అంటే గ్లూటెన్‌గా, మారతాయి. ఈస్టు విడుదల చేసే వాయువును పట్టి ఉంచేది ఆ జిగురే. ఈ రెండూ తెల్లటి భాగంలోనే ఉంటాయి. పొట్టు, అంకురాల్లోని మాంసకృత్తులు ఒంటికి మంచివే గానీ జిగురు కట్టవు. పైగా పొట్టు ముక్కల అంచులు ఆ జిగురు పొరలను అక్కడక్కడా తెంపుతాయి. ప్యాకెట్ మీద మాంసకృత్తుల అంకె చూసి బ్రెడ్ ఎలా వస్తుందో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

మీ గోధుమకు జిగురెంత ఉందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. జల్లించిన పిండి 100 గ్రాములు, నీళ్లు 60 గ్రాములు కలిపి గట్టిగా పిసకండి. ముద్దను అరగంట నీళ్లలో ముంచి ఉంచండి. తర్వాత కింద జల్లెడ పెట్టి, సన్నటి ధార కింద ముద్దను మెల్లగా నలుపుతూ కడగండి. తెల్లటి నీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా కడిగితే చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. గట్టిగా పిండి తూచండి. తడి జిగురులో పొడి భాగం ఇంచుమించు మూడో వంతు. కాబట్టి 18 గ్రాములు తూగితే ఆటాకు చట్టం చెప్పే కనీసపు హద్దు దగ్గర ఉన్నారు. చపాతీకి అది చాలు. విడిగా నిలబడి పొంగే బ్రెడ్‌కు 27 గ్రాములో, అంతకు మించో ఉంటే మేలు.

తక్కువైతే దిద్దుకునే దారి ఉంది. బేకరీ సామాన్ల దుకాణాల్లో దొరికే గ్లూటెన్ పొడిలో దాదాపు 75 శాతం మాంసకృత్తులుంటాయి. మీ పిండి 11 శాతానిదనుకోండి. 400 గ్రాముల పిండిలో 13 గ్రాముల గ్లూటెన్ పొడి కలిపితే మొత్తం 13 శాతానికి చేరుతుంది. అంతకు మించి వేస్తే బ్రెడ్ సాగుతుంది, నమలడానికి కష్టమవుతుంది.

28, 42: ఏ గోధుమ కొనాలి

మనం మామూలుగా తినే బ్రెడ్ గోధుమలో 42 క్రోమోజోములున్నాయి. ఖప్లీ గోధుమలోనూ, డ్యూరం గోధుమలోనూ 28. వేల ఏళ్ల కింద 28 క్రోమోజోముల గోధుమ పొలాల పక్కన పెరిగే ఒక అడవి గడ్డితో కలిసి 42 క్రోమోజోముల గోధుమ పుట్టింది. గట్టి జిగురును నిర్ణయించే ముఖ్యమైన జన్యువులు ఆ గడ్డి నుంచి వచ్చిన 14 క్రోమోజోముల్లో ఉన్నాయి. అందుకే ఒక్క ఖప్లీతోనే చేసిన బ్రెడ్ ఎంత జాగ్రత్తగా చేసినా ఎత్తుగా నిలవదు. దాని తీపిదనం, కమ్మని వాసన కావాలనుకుంటే మొత్తం గింజల్లో నాలుగో వంతు ఖప్లీ, మిగతాది బ్రెడ్ గోధుమ వేసుకోవచ్చు. గుజరాత్ భాలియా గోధుమ కూడా డ్యూరం జాతిదే. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గోధుమ బ్రెడ్‌లో సగానికి మించకుండా చూసుకోవాలి.

2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మధ్యప్రదేశ్ సీహోర్ శర్బతి 42 క్రోమోజోముల జాతికే చెందినది. దానికి పేరొచ్చింది మెత్తటి చపాతీల వల్ల. అది బ్రెడ్‌కు ఎంత పనికొస్తుందో పేరు చూసి తేల్చడం కన్నా పైన చెప్పిన జిగురు పరీక్ష చేసి చూడటం నమ్మకమైన పని. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ చింత తక్కువ. అక్కడ దొరికే గట్టి ఎర్ర వసంతకాలపు గోధుమలో మాంసకృత్తులు సాధారణంగా 13–14 శాతం. అక్కడి వంట పుస్తకంలోని కొలతలు మన గోధుమకు యథాతథంగా పనిచేయకపోవడానికి ఈ తేడా ఒక కారణం.

2023–24లో దేశం 11.33 కోట్ల టన్నుల గోధుమ పండించింది. ఆదిలాబాద్ లాంటి కొన్నిచోట్ల తప్ప మన రెండు రాష్ట్రాల్లో ఆ సాగు చాలా తక్కువ. మనకు చేరే గోధుమలో ఎక్కువ భాగం ఉత్తరాది నుంచి, మధ్య భారతం నుంచి వచ్చేదే. దుకాణదారును రెండే రెండు ప్రశ్నలడగండి. రకం ఏమిటి? ఏ ఏడాది పంట? కోత మార్చి, ఏప్రిల్‌లలో సాగుతుంది కాబట్టి మే, జూన్‌లలో కొంటే కొత్త గోధుమ దొరుకుతుంది.

12 శాతం: గింజలో తేమ

ప్రభుత్వ సంస్థలు రైతుల నుంచి గోధుమ కొనేటప్పుడు తేమ 12 శాతం దాటితే ధర కోస్తాయి, 14 శాతం దాటితే కొనవు. ఇంటి మరకూ ఈ 12 మంచి హద్దే. తడి గింజ రాళ్లకు పేస్టులా పట్టుకుంటుంది, మర ఆగిపోతుంది, పిండి త్వరగా బూజు పడుతుంది.

అదే కొనుగోలు ప్రమాణంలో చెత్తాచెదారం 0.75 శాతం దాకా ఉండొచ్చు. కిలోలో 7.5 గ్రాములన్నమాట. మిల్లు గోధుమకు శుభ్రం చేసే యంత్రాలుంటాయి, మనకు చాట ఉంది. చెరిగి, మట్టిబెడ్డలు, రాళ్లు ఏరాకే మరలో పోయాలి. చిన్న రాయి ఒక్కటి చాలు, మరరాయి అంచు పోవడానికి.

చాలా ఇళ్లలో గోధుమలు కడిగి ఆరబోస్తారు. మంచి అలవాటే, కానీ ఆరాయో లేదో చేత్తో పట్టి చూస్తే తెలియదు. తూకం చెప్తుంది. చెరిగిన గోధుమలు సరిగ్గా ఒక కిలో తూచి కడగండి. ఆరాక మళ్లీ కిలోకు, లేదా కొట్టుకుపోయిన దుమ్ము మేరకు కాస్త దిగువకు, రావాలి. 1,030 గ్రాములు తూగితే 30 గ్రాముల నీరు ఇంకా గింజలోనే ఉంది. మళ్లీ ఎండలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలంలో కడగకుండా తడిగుడ్డతో తుడిచి పట్టడమే మేలు.

90 డిగ్రీలు: మరలో వేడి

రాతిమరలో పట్టిన పిండి చల్లగా ఉంటుందని గట్టి నమ్మకం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఒకే గోధుమను నాలుగు రకాల మరల్లో పట్టి చూస్తే, రాతిమరలో ఉష్ణోగ్రత 90 డిగ్రీలకు, ప్లేటు మరలో 85 డిగ్రీలకు, సుత్తి మరలో 55 డిగ్రీలకు చేరింది. రోలర్ మిల్లులో 35 డిగ్రీలే. బాగా వేడెక్కిన పిండిలో నూనెలోని సున్నితమైన కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. ఆగకుండా తిరిగే పెద్ద చక్కీలో బిగించిన రాళ్ల మధ్య అంత వేడి పుడుతుంది. ఇంట్లో అరకిలో పట్టే చిన్న రాతిమరలో అంత వేడెక్కే వ్యవధి ఉండదు. కాబట్టి రాయా, ఉక్కా అన్నదానికన్నా ఎంతసేపు, ఎంత బిగువుగా తిప్పారన్నదే అసలు సంగతి.

వేడితో పాటు మరో మార్పు జరుగుతుంది. బిగువైన రాళ్ల మధ్య పిండిపదార్థపు రేణువులు చితుకుతాయి. చితకని రేణువు తన బరువులో సగానికి లోపే నీరు పీలుస్తుంది. చితికినది తన బరువంత, అంతకు మించి కూడా పీలుస్తుంది. చపాతీ గంటల తరబడి మెత్తగా ఉండటానికి కారణం ఈ అదనపు నీరే. బ్రెడ్‌లో మాత్రం అది ఎక్కువైతే లోపలి భాగం జిగటగా మిగిలిపోతుంది. చపాతీ పిండి పట్టించినంత బిగువుగా బ్రెడ్ పిండి పట్టకూడదు. వేళ్ల మధ్య రాస్తే కొద్దిగా గరుకు తగలాలి.

పిండి వేడి బ్రెడ్‌ను ఇంకో రకంగానూ దెబ్బతీస్తుంది. కలిపిన ముద్ద 26 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్టు పని నిదానంగా, సమంగా సాగుతుంది. బేకరీల్లో నీటి వేడిని ఇలా లెక్కిస్తారు. కావలసిన ఉష్ణోగ్రతను మూడుతో గుణించి, అందులోంచి గది వేడి, పిండి వేడి, కలపడం వల్ల పుట్టే వేడి తీసేయాలి. చేత్తో కలిపితే చివరిదానికి 2 డిగ్రీలు వేసుకోవచ్చు.

మే నెలలో విజయవాడ వంటగది 34 డిగ్రీలు, మరలోంచి అప్పుడే వచ్చిన పిండి 42 డిగ్రీలు అనుకుందాం. మూడు ఇరవై ఆర్లు 78. అందులోంచి 34, 42, 2 తీసేస్తే మిగిలేది సున్నా. అంటే మంచు కరిగే చల్లదనంలో ఉన్న నీళ్లు పోస్తే తప్ప ముద్ద 26 డిగ్రీలకు దిగదు. మన ఎండల్లో కొత్త పిండి బ్రెడ్ పులిసిపోయి కూలడానికి కారణం చాలాసార్లు ఇదే.

మందు సులువు. గోధుమలను గాలి చొరని డబ్బాలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా తెరిచిన వెంటనే మరలో పోయండి. ఆలస్యమైతే గింజలకు చెమ్మ పడుతుంది. పిండి 28 డిగ్రీల దగ్గర వచ్చిందనుకుంటే, 78లోంచి 34, 28, 2 పోగా 14 మిగులుతుంది. ఫ్రిజ్ నీళ్లు, కుండ నీళ్లు కలిపితే ఆ వేడి వస్తుంది.

85: జల్లెడ మీది నిర్ణయం

నూటికి నూరు గింజా వాడాలా, మైదాలా 72 దగ్గర ఆగాలా? మధ్యలో 85 ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల్లో చోటు మిగిల్చుకోవడానికి బ్రిటన్ 1942లో తెల్ల బ్రెడ్‌ను ఆపేసి, గింజలో 85 శాతం వాడిన పిండితో ‘నేషనల్ లోఫ్’ చేయించింది. ఒక దేశమంతా ఏళ్ల తరబడి ఆ బ్రెడ్ తిన్నది.

ఇంట్లో 85 రాబట్టడానికి 40 నంబరు జల్లెడ చాలు. అంటే అంగుళానికి 40 కన్నాలు, ఒక్కో కన్నం సుమారు 0.42 మిల్లీమీటర్లు. 400 గ్రాముల 85 శాతం పిండి కావాలంటే 400ను 0.85తో భాగించండి. దాదాపు 470 గ్రాముల గోధుమలు పట్టాలి. జల్లిస్తే పైన 70 గ్రాముల పొట్టు మిగలాలి. 40 గ్రాములే మిగిలితే పొట్టు మరీ మెత్తగా నలిగింది, మర కాస్త వదులు చేయండి. 120 గ్రాములు మిగిలితే తెల్లపిండి పొట్టుకే అంటుకుపోయింది, దాన్ని ఇంకోసారి మరలో వేయండి.

ఆ పొట్టును పారేయొద్దు. పీచులో పెద్ద వాటా అందులోనే ఉంది. దాని బరువంత మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తే పొట్టు మెత్తబడుతుంది, అంచుల పదును పోతుంది. ముద్ద బాగా పిసికాక చివర్లో కలిపితే ఎత్తు పెద్దగా తగ్గకుండానే మొత్తం గింజ బ్రెడ్‌లోకి తిరిగొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఇదే. మొదట 85తో చేయండి. చేయి తిరిగాక పొట్టు కలుపుతూ నూటికి వెళ్లండి.

80: నీళ్లు, సమయం

బ్రెడ్ లెక్కలో పిండిని ఎప్పుడూ 100గా తీసుకుంటారు, మిగతావన్నీ దాని మీద శాతాలు. మైదాకు 62–65 శాతం నీళ్లు సరిపోతాయి. ఇంట్లో పట్టిన గోధుమపిండికి 75తో మొదలుపెట్టి 80 దాకా పోవాల్సి ఉంటుంది. పొట్టు నీటిని నిదానంగా తాగుతుంది. కలిపిన వెంటనే జావగా కనిపించిన ముద్ద 40 నిమిషాల తర్వాత చేతికి వస్తుంది. అది చూడకుండా పైన పొడిపిండి చల్లితే బ్రెడ్ గట్టిపడుతుంది.

పిండి, నీళ్లు మాత్రమే కలిపి కాసేపు వదిలేసే ఈ పద్ధతిని 1974లో ఫ్రెంచి బేకింగ్ గురువు రేమో కాల్వెల్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ విరామంలో గ్లూటెన్ తనంతట తాను అల్లుకుంటుంది, పొట్టు మెత్తబడుతుంది, పిసికే శ్రమ తగ్గుతుంది.

9 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న బ్రెడ్ టిన్నుకు కొలతలివి:

- గోధుమపిండి: 400 గ్రాములు (100 శాతం)
- నీళ్లు: 320 గ్రాములు (80 శాతం)
- ఉప్పు: 8 గ్రాములు (2 శాతం)
- ఇన్‌స్టంట్ ఈస్టు: 4 గ్రాములు (1 శాతం)
- బెల్లం తురుము: 16 గ్రాములు (4 శాతం)
- నూనె: 16 గ్రాములు (4 శాతం)

ముందు పిండిలో 300 గ్రాముల నీళ్లు కలిపి 40 నిమిషాలు మూతపెట్టి ఉంచండి. ఉప్పు, ఈస్టు, బెల్లం, మిగిలిన 20 గ్రాముల నీళ్లు కలిపి పది నిమిషాలు పిసకండి. నూనె చివర్లో వేయండి. ముద్ద ఒకటిన్నర రెట్లు పొంగగానే ఆపండి. మైదా ముద్దలా రెండింతలు కావాలని చూస్తే గోధుమ ముద్ద తట్టుకోలేక చిరుగుతుంది. 26 డిగ్రీల దగ్గర దీనికి సుమారు గంటన్నర పడుతుంది, ఎండాకాలంలో ఇంకా తక్కువ. చుట్టి టిన్నులో పెట్టాక, ముద్ద టిన్ను అంచుకు కాస్త పైకి రాగానే ఓవెన్‌లో పెట్టాలి. 190 డిగ్రీల వద్ద 40 నిమిషాలు కాల్చండి. మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 95 డిగ్రీలు చూపించాలి.

ఇక్కడ తూకం చివరిసారి పనికొస్తుంది. పైన చెప్పినవన్నీ కలిపితే ముద్ద 764 గ్రాములు. కాలేటప్పుడు 10–12 శాతం నీరు పోవాలి, అంటే బ్రెడ్ 680 గ్రాముల దగ్గర ఉండాలి. 710 తూగితే టిన్నులోంచి తీసి మరో ఐదారు నిమిషాలు కాల్చండి. కాలాక రెండు గంటలు చల్లారనిచ్చి కోయండి. వేడిగా కోస్తే గోధుమ బ్రెడ్ లోపల ముద్ద కడుతుంది.

70: పులుపు చేసే మేలు

పట్టికలోని 4.10 మిల్లీగ్రాముల ఇనుమంతా ఒంటికి చేరదు. పొట్టులోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును పట్టుకుని వదలదు. గోధుమలోనే దాన్ని విడగొట్టే ఎంజైము ఉంది, అది కాస్త పులుపులో బాగా పనిచేస్తుంది. ఫ్రాన్స్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ముద్ద పీహెచ్ 5.5కు దిగితే ఫైటిక్ ఆమ్లం 70 శాతం దాకా విడిపోయింది. పులుపూ, పులియబెట్టే సరుకూ ఏమీ లేని ముద్దలో 40 శాతమే. మొత్తం గింజ తింటున్నామన్న తృప్తి ఒంటికి కూడా చేరాలంటే పులియడానికి సమయం ఇవ్వాలి.

ఇడ్లీ పిండిని రాత్రికి రుబ్బి పొద్దున వండే ఇళ్లకు ఈ ఓపిక నేర్పక్కర్లేదు. 400 గ్రాముల పిండిలోంచి 80 గ్రాములు తీసుకుని, 80 గ్రాముల నీళ్లు, ఒక చెంచా గోధుమ పులిముద్ద (పిండి, నీళ్లు కలిపి ముందే పులియబెట్టి ఉంచుకున్నది) కలిపి ఆరేడు గంటలు ఉంచండి. మర్నాడు మిగిలిన 320 గ్రాముల పిండి, 240 గ్రాముల నీళ్లతో కలపండి. ఈస్టు సగానికి తగ్గించవచ్చు. బ్రెడ్ పొంగు నిదానిస్తుంది, రుచి పెరుగుతుంది, బ్రెడ్ నాలుగు రోజులు తాజాగా ఉంటుంది.

1,667 కిలోలు: డబ్బు లెక్క

ఒక హెచ్.పి. మోటారు ఉన్న ఇంటి మర గంటకు ముప్పావు యూనిట్ కరెంటు తింటుంది. గంటకు 6 కిలోలు పట్టిందనుకుంటే కిలోకు ఎనిమిదో వంతు యూనిట్. యూనిట్ 8 రూపాయలైతే కిలోకు ఒక్క రూపాయి.

గోధుమలు కిలో 40 రూపాయలు, ప్యాకెట్ పిండి 50 రూపాయలు అనుకుందాం. కరెంటు పోగా కిలోకు మిగిలేది 9 రూపాయలు. మర ధర 15,000 అయితే అది తిరిగి రావడానికి 1,667 కిలోలు పట్టాలి. నెలకు 10 కిలోలు వాడే ఇంటికి దాదాపు పద్నాలుగేళ్లు. మీ ఊరి ధరలు పెట్టి లెక్కవేసుకోండి, జవాబు పెద్దగా మారదు. డబ్బు మిగులుతుందని మాత్రం ఇంటి మర కొనొద్దు.

వీధి చివర గిర్నీ ఉంటే దాన్నే వాడుకోండి. చపాతీ పిండి కన్నా వదులుగా పట్టమని అడగండి. మీకన్నా ముందు శనగలో, బియ్యమో పట్టి ఉంటే మొదట వచ్చే అరకిలోను వేరే సంచిలోకి తీసుకోండి. పిండిని ఇంటికి తేగానే పళ్లెంలో పరిచి చల్లార్చండి. వారానికి సరిపడా ఉంచుకుని మిగతాది ఫ్రీజర్‌లో పెట్టండి. గిర్నీ దగ్గర లేకపోతే మిక్సీలో 100 గ్రాముల చొప్పున, మధ్యలో ఆపుతూ పట్టి, జల్లించి, కొన్న పిండిలో నాలుగో వంతు కలిపి చేయండి. కొత్త పిండి వాసన ఆ పాలుకే తెలిసిపోతుంది.

కొనాల్సిన వరుస నా దృష్టిలో ఇది. ముందు గ్రాము తేడా చూపే తూకం, తర్వాత గుచ్చి చూసే థర్మామీటర్, ఆ తర్వాత 40 నంబరు జల్లెడ. ఈ మూడింటితో గిర్నీ పిండి మీద చేయి కుదిరాక, వారం వారం బ్రెడ్ చేసే అలవాటు నిలిచాక మర కొనండి. గోధుమలో ఎంత ఉంచాలి, ఎంత తీయాలి అన్న నిర్ణయం నూటయాభై ఏళ్లుగా మిల్లులదే. దాన్ని తిరిగి ఇంట్లోకి తెచ్చుకోవడానికి యంత్రం చివరి మెట్టు మాత్రమే. మొదటి మెట్టు ఈ వారమే వేయొచ్చు. ఐదు కిలోల గోధుమలు తెచ్చి, రకం పేరు డబ్బా మీద రాసి, 100 గ్రాముల పిండితో జిగురు పరీక్ష చేయండి. ఆ అంకె తెలిశాక మీ బ్రెడ్‌కు ఎన్ని నీళ్లు, ఎంత జల్లెడ, ఎంత సమయం కావాలో తేల్చడం కష్టం కాదు.